రెండు గీతల మధ్య ఇంజిన్ ఆయువు

ఇంటి ముందే బండి ఆయిల్ మార్చుకోవడం ఇప్పుడు చాలా కాలనీల్లో మామూలైపోయింది. పాతది దించడం, కొత్తది పోయడం వీడియోలు చూసి ఇట్టే నేర్చేసుకుంటున్నారు. ఆ తర్వాత చేయాల్సిన చిన్న పని దగ్గరే పొరపాటు జరుగుతోంది. ఆ పనే ఆయిల్ కొలిచే గేజ్ కడ్డీ తీసి మట్టం చూడటం.

ఆదివారం ఉదయం ఎనిమిది గంటలు. ఉప్పల్ దాటి బోడుప్పల్ వైపు ఏ గల్లీలోకి మళ్లినా ఇలాంటి దృశ్యం ఒకటి కంటపడుతుంది. గేటు ముందు డబుల్ స్టాండ్ వేసిన స్ప్లెండర్, దాని కింద సొట్టలు పడిన పాత బేసిన్. పక్కన గోడకు ఆనించిన డెలివరీ బ్యాగు. పాతికేళ్ల కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని పానాతో డ్రెయిన్ బోల్టు విప్పుతాడు. నల్లటి ఆయిల్ ధారగా కారి, సన్నబడి, చివరికి చుక్కలుగా మారుతుంది. బోల్టు బిగించి, కొత్త డబ్బా మూత తీసి, గరాటు పెట్టి ఆఖరి చుక్క దాకా ఒంపుతాడు. చేతులు తుడుచుకుని లేవబోతుంటే ఎదురింటి అరుగు మీద పేపరు చదువుతున్న పెద్దాయన తలెత్తుతాడు.

"ఎంత పోసినవ్ తమ్మీ?"

"డబ్బా మొత్తం పోసిన కాకా."

"గేజ్ చూసినవా?"

"చూసుడెందుకు? డబ్బా మీద ఈ బండికేనని రాసుంది గదా!"

"డబ్బాల ఎంతుండెనో డబ్బా చెప్తది. బండిల ఎంతుందో గేజే చెప్తది. తీసి చూడు."

ఊళ్లు మారితే యాస మారుతుంది, బండి మారుతుంది. సంభాషణ మాత్రం దాదాపు ఇదే. ఆయిల్ మార్పు డబ్బా ఖాళీ అవడంతో పూర్తయిందనుకుంటాం. నిజానికి అది పూర్తయ్యేది గేజ్ మీద రెండు గీతల మధ్య ఆయిల్ కనిపించినప్పుడే.

ఇంటికొచ్చిన షెడ్డు పని

2020 లాక్‌డౌన్‌లో మెకానిక్ షెడ్లన్నీ మూతపడ్డాయి. కదలకుండా నిలబెట్టిన బండ్లను బాగుచేసుకునే దారిలేక ఎన్నో ఇళ్లలో అటక మీది పానాల పెట్టె కిందికి దిగింది. ఫోన్లో చూస్తూ చెయ్యి తిప్పడం అప్పుడు మొదలైన అలవాటు. షెడ్లు తెరిచాక కూడా అది పోలేదు. తెలుగులోనే, మన మెకానిక్కుల మాటల్లోనే వివరించే వీడియోలు కుప్పలుగా వచ్చాయి. మరోపక్క సర్వీసు బిల్లు చేతికొచ్చినప్పుడల్లా ఆయిల్ ధర కింద లేబరు, వాషింగు, చెకప్పు అంటూ పేరుకున్న వరుసలు చూసి 'ఈమాత్రం మనం చేసుకోలేమా' అనిపించడం సహజం.

అందరికంటే ఎక్కువ అవసరం బండి మీద బతికేవాళ్లది. దేశంలో 2020-21 నాటికి గిగ్ పనివాళ్లు 77 లక్షల మంది ఉన్నారని నీతి ఆయోగ్ 2022 నివేదిక అంచనా వేసింది. వాళ్లలో భోజనం, సరుకులు, మనుషుల్ని బైకు మీద చేరవేసేవాళ్లు ఎందరో. రోజుకు 120 కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రాడు నెలలో 3,600 కిలోమీటర్లు తిరుగుతాడు. ఆఫీసుకు రోజుకు ఇరవై కిలోమీటర్లు నడిపే ఉద్యోగికి ఆ దూరం దాటడానికి ఆరు నెలలు పడుతుంది. ఉద్యోగికి ఏడాదికి రెండుసార్లు వచ్చే ఖర్చు ఇతనికి నెలనెలా వస్తుందన్నమాట. దానికితోడు బండిని షెడ్డులో పెట్టిన పూట సంపాదన పోయినట్టే. అందుకే ఇంటి దగ్గర ఆయిల్ మార్చుకోవడాన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. చేతనైన పని సొంతంగా చేసుకోవడం మంచిదే. చివరి మెట్టు వదిలేస్తేనే ప్రమాదం.

పాత తరం ఎందుకు నేర్పలేదు?

"మా నాన్న ముప్పై ఏళ్లు బండి నడిపాడు, ఎప్పుడూ గేజ్ చూసింది లేదు" అనేవాళ్లు కనిపిస్తారు. అది నిజమే కావచ్చు. ఆ తరంలో చాలామంది నడిపినవి టూ స్ట్రోక్ బండ్లు. రాజ్‌దూత్, యెజ్డీ, బజాజ్ చేతక్, యమహా ఆర్ఎక్స్ 100. వాటిలో 2టీ ఆయిల్‌ను పెట్రోల్‌తో కలిపి పోసేవారు, లేదా విడిగా చిన్న ట్యాంకులో నింపేవారు. అది పెట్రోల్‌తోపాటే కాలి పొగై పోయేది. ఇంజిన్ అడుగున నిలవ ఉండి తిరిగి తిరిగి వాడుకునే ఆయిల్ లేదు కాబట్టి దాని మట్టం చూసే పనీ లేదు.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. 1994లో స్ప్లెండర్ వచ్చింది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఊరూరా చేరింది. పెట్రోల్ పోయించి, మూతేసి, ఇక మర్చిపొమ్మని చెప్పే ప్రకటన అప్పట్లో మారుమోగింది. మైలేజీ గురించి చెప్పిన ఆ మాట జనం మనసులో మొత్తం ఇంజిన్‌కే అంటుకుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ ఛాంబర్‌లోనే ఉంటుంది. అదే మళ్లీ మళ్లీ తిరుగుతుంది, వేడెక్కుతుంది, మసి పట్టుకుంటుంది, కొద్దికొద్దిగా తరుగుతుంది. కనిపెట్టుకుని ఉండాల్సిన ఇంజిన్ చేతికొచ్చింది. కనిపెట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఈ అలవాటు పోకుండా నిలిచింది లారీల దగ్గర, ట్రాక్టర్ల దగ్గర. విజయవాడ ఆటోనగర్‌లో తెల్లవారుజామున బయల్దేరే లారీ దగ్గర నిలబడితే తెలుస్తుంది. తాళం తిప్పకముందే గేజ్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూసుకునే డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నారు. దుక్కికి వెళ్లేముందు ట్రాక్టర్ ఆయిల్ చూసుకునే రైతుకూ ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంజిన్ పట్టేస్తే ఆ రోజు కూలీల ఖర్చు, అదును రెండూ పోతాయని అతనికి తెలుసు.

> కారు కింద దూరి చూసిన రోజులు
>
> 1908 నుంచి 1927 వరకు అమెరికాలో తయారైన ఫోర్డ్ మోడల్ టీ కారుకు గేజ్ ఉండేది కాదు. ఇంజిన్ అడుగున ఒకటి పైన, ఒకటి కింద రెండు చిన్న కుళాయిలు ఉండేవి. డ్రైవరు కారు కింద దూరి వాటిని తిప్పి చూడాలి. పై కుళాయిలోంచి ఆయిల్ కారితే నిండుగా ఉన్నట్టు. కింది కుళాయిలోంచి కూడా రాకపోతే బండి కదపకూడదు. నేటి గేజ్ మీది రెండు గీతలు చేసేదీ ఆ రెండు కుళాయిల పనే. ఇప్పుడు కొన్ని ఖరీదైన కార్లలో గేజ్ కూడా తీసేశారు. బీఎండబ్ల్యూ లాంటి కంపెనీల చాలా మోడళ్లలో మట్టాన్ని సెన్సర్ కొలిచి తెర మీద చూపిస్తుంది.

డబ్బా లెక్క వేరు, బండి లెక్క వేరు

"ఈ బండికి ఎంత ఆయిల్ పడుతుంది?" అన్న ప్రశ్నకు కంపెనీ పుస్తకంలో ఒక జవాబు కాదు, సాధారణంగా రెండు జవాబులు ఉంటాయి. ఒకటి, డ్రెయిన్ బోల్టు విప్పి ఆయిల్ దించినప్పుడు పోయాల్సినది. రెండోది, ఇంజిన్ మొత్తం విప్పి, తుడిచి, మళ్లీ బిగించినప్పుడు పోయాల్సినది. రెండోది ఎప్పుడూ ఎక్కువే. ఎందుకంటే బోల్టు విప్పి ఎంతసేపు కార్చినా కొంత పాత ఆయిల్ లోపల మూలల్లో, గేర్ల సందుల్లో మిగిలిపోతుంది. ఇంటర్నెట్‌లో కనిపించిన పెద్ద అంకెను నమ్మి పోసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఎంత మిగులుతుందన్నది కూడా ప్రతిసారీ ఒకలా ఉండదు. ఇంజిన్ వెచ్చగా ఉన్నప్పుడు దించితే ఆయిల్ పల్చబడి బాగా కారుతుంది. చల్లగా ఉన్నప్పుడు దించితే లోపలే అంటుకుని ఉంటుంది. బండి ఒక పక్కకు వాలి ఉంటే ఒక మూలలో నిలిచిపోతుంది. చుక్కలు పడుతుండగానే తొందరపడి బోల్టు బిగిస్తే ఇంకొంత మిగులుతుంది.

ఫిల్టర్ మార్చినప్పుడు లెక్క ఎదురు తిరుగుతుంది. కొత్త ఫిల్టర్ ఖాళీగా ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్ చేయగానే పంపు ముందు దాన్ని నింపుతుంది. స్టార్ట్ చేయకముందు నిండుగా చూపించిన గేజ్, కాసేపు నడిపి ఆపాక కిందికి దిగడం అందుకే. స్ప్లెండర్ లాంటి బండ్లలో కాగితం ఫిల్టర్ ఉండదు, జాలీ ఉంటుంది. కాబట్టి అక్కడ ఈ తేడా తక్కువ. పల్సర్, బుల్లెట్, కార్ల విషయంలో మాత్రం ఈ మాట మరిచిపోకూడదు.

పది మిల్లీలీటర్లు అటూఇటూ అయితే కొంప మునగదు. అయితే చిన్న బైకుకు పట్టేదే లీటరు లోపు. 900 మిల్లీలీటర్లు పట్టే ఇంజిన్‌లో వంద తేడా వస్తే అది తొమ్మిదో వంతు. మూడు లీటర్లు పట్టే కారులో అదే వంద ముప్పయ్యో వంతు మాత్రమే. పైగా మన బైకుల్లో ఆ ఒక్క లీటరే ఇంజిన్‌కూ, క్లచ్‌కూ, గేర్లకూ ఆధారం. చిన్న బండికే ఎక్కువ జాగ్రత్త కావాలి.

> గేజ్ ఇలా చూడాలి
>
> • బండిని సమతలమైన చోట పెట్టండి. సెల్లార్ ర్యాంపు, కాలువ వైపు వాలుగా ఉన్న గల్లీ పనికిరావు. బైకుకు డబుల్ స్టాండ్ వేయండి. సైడ్ స్టాండ్ మీద కనిపించే మట్టం తప్పు మట్టం.
>
> • ఆయిల్ పోశాక ఇంజిన్ స్టార్ట్ చేసి మూడు నుంచి ఐదు నిమిషాలు రేస్ చేయకుండా వదిలేయండి. బోల్టు దగ్గర, ఫిల్టర్ దగ్గర చెమ్మ వస్తోందేమో చూడండి.
>
> • ఆపాక బైకుకు రెండు మూడు నిమిషాలు, కారుకు ఐదు నిమిషాలు ఆగండి. పైకెక్కిన ఆయిల్ ఛాంబర్‌లోకి దిగాలి.
>
> • గేజ్ తీసి, నూలు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీయండి. మొదటిసారి తీసినప్పుడు కనిపించింది లెక్కలోకి రాదు.
>
> • హీరో, హోండా బైకులు, స్కూటర్లలో మూతను మరలో తిప్పకుండా రంధ్రం మీద ఊరికే ఆనించి చూడాలి. బిగించి తీస్తే కడ్డీ లోతుకు దిగి, లేని ఆయిల్ ఉన్నట్టు కనిపిస్తుంది. కొన్ని కంపెనీల బండ్లలో బిగించే చూడాలి. మీ బండి పుస్తకంలో ఏముందో అదే ప్రమాణం.
>
> • కడ్డీ రెండు వైపులా చూడండి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కనిపిస్తే తక్కువదే తీసుకోండి.
>
> • బుల్లెట్, పల్సర్ లాంటి అద్దం ఉన్న బండ్లలో బండి నిటారుగా ఉండగా అద్దం పక్కనున్న రెండు గీతల మధ్య చూడండి.
>
> • తక్కువగా ఉంటే బైకులో యాభై, కారులో వంద రెండొందల మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ మళ్లీ చూడండి.

కొత్త ఆయిల్ కనిపించదు

ఇంట్లో మొదటిసారి మార్చుకున్నవాళ్లను బాగా తికమక పెట్టే విషయం ఒకటుంది. పాత ఆయిల్ నల్లగా ఉంటుంది కాబట్టి గేజ్ మీద గీత గీసినట్టు కనిపిస్తుంది. కొత్తది తేనె రంగులో, దాదాపు పారదర్శకంగా ఉంటుంది. మెరిసే కడ్డీ మీద అది ఎక్కడ ఆగిందో కంటికి అందదు. "గేజ్‌కు ఏమీ అంటలేదు" అనుకుని మరో పావు లీటరు పోసేస్తారు. అసలు లేని కొరత తీర్చబోయి ఎక్కువ చేస్తారు.

దీనికి మందు తేలికే. కడ్డీని పడుకోబెట్టి వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే ఆయిల్ తడి ఎక్కడిదాకా ఉందో మెరుపు చెబుతుంది. తెల్ల కాగితం మీద మెల్లగా ఆనిస్తే తడి మరక పడుతుంది. అప్పటికీ తేలకపోతే కారైతే రాత్రంతా అలాగే ఉంచి తెల్లవారి స్టార్ట్ చేయకముందు చూడొచ్చు. అప్పటికి ఆయిలంతా కిందికి దిగి ఉంటుంది.

చల్లగా ఉన్నప్పుడూ వేడిగా ఉన్నప్పుడూ మట్టం కాస్త తేడాగా కనిపించడం కూడా మామూలే. ఆయిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది. మూడు లీటర్ల ఆయిల్ 70 డిగ్రీలు వేడెక్కితే సుమారు 150 మిల్లీలీటర్ల మేర పెరుగుతుంది. అందుకే ఎప్పుడు చూసినా ఒకే పద్ధతిలో చూడాలి. ఒకరోజు ఊరెళ్లి రాగానే, ఇంకోరోజు తెల్లారగట్ల చూసి రెండింటినీ పోల్చుకుంటే అనవసరంగా కంగారు పడతాం.

తగ్గితే ఒక నష్టం, ఎక్కువైతే ఇంకోటి

ఆయిల్ తక్కువైతే ఏమవుతుందో అందరికీ కొంత తెలుసు. ఉన్న కాస్త ఆయిలే వేగంగా తిరిగి త్వరగా వేడెక్కుతుంది. మలుపులో, ఎత్తులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగినప్పుడు పంపు గాలి పీలుస్తుంది. ముందుగా హెడ్డులో కటకటమనే చప్పుడు మొదలవుతుంది. తర్వాత పిస్టన్, బోరు గీసుకుంటాయి. మెకానిక్ భాషలో 'ఇంజిన్ బోరుకొచ్చింది'. బోరు కిట్టు, లేబరు కలిపి అయ్యే ఖర్చు ముందు ఆయిల్ మార్పులో మిగుల్చుకున్నది ఏ మూలకూ రాదు. డెలివరీ కుర్రాడికైతే బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ ఇంట్లో పొయ్యి మీద ఆ ప్రభావం ఉంటుంది.

ఎక్కువైతే నష్టమన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. 'ఎక్కువ పోస్తే ఇంజిన్‌కు ఇంకా మంచిదే కదా' అనుకుంటారు. మట్టం పెరిగితే వేగంగా తిరిగే క్రాంక్ ఆయిల్‌కు తగిలి మజ్జిగ చిలికినట్టు చిలికేస్తుంది. నురగ లేస్తుంది. నురగంటే సగం గాలి. పంపు దాన్నే పైకి పంపుతుంది. ఛాంబర్ నిండా ఆయిల్ ఉన్నా, రాపిడి జరిగే చోట సరైన పొర ఏర్పడదు. లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల దగ్గర కారడం మొదలవుతుంది. బ్రీదర్ గొట్టంలోంచి ఎగదన్ని ఎయిర్ ఫిల్టర్‌ను తడిపేస్తుంది. సైలెన్సర్‌లో తెల్లటి, నీలపు పొగ కనిపిస్తుంది. బండి బరువుగా లాగుతుంది, మైలేజీ పడిపోతుంది. ఇవన్నీ చూసి ఇంజిన్ పోయిందని భయపడి విప్పించేవాళ్లున్నారు. ముందు గేజ్ చూసి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

ఎక్కువైందని తెలిస్తే బండి నడపకూడదు. డ్రెయిన్ బోల్టును కొద్దిగా వదులు చేసి కొంచెం కార్చి బిగించొచ్చు. అంతకంటే శుభ్రమైన పద్ధతి ఇంకోటుంది. మందుల షాపులో దొరికే పెద్ద సిరంజికి సన్నని గొట్టం తగిలించి, ఆయిల్ పోసే రంధ్రంలోంచి పైకి లాగేయడమే.

ఇక డ్యాష్‌బోర్డు మీద వెలిగే ఎర్ర దీపాన్ని నమ్ముకునేవాళ్లకు ఒక హెచ్చరిక. చాలా కార్లలో ఆ దీపం చెప్పేది ఆయిల్ ఒత్తిడి గురించి, మట్టం గురించి కాదు. అది వెలిగేసరికే పంపుకు ఆయిల్ అందడం లేదని అర్థం. అప్పుడు వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపాల్సిందే. మామూలు 100 సీసీ బైకుల్లో, స్కూటర్లలో ఆ దీపమే ఉండదు. అక్కడ గేజ్ ఒక్కటే దిక్కు.

తప్పు బోల్టు విప్పితే

గేర్లు లేని స్కూటర్లలో రెండు ఆయిళ్లు ఉంటాయి. ఇంజిన్‌కు ఒకటి, వెనక చక్రం దగ్గరి గేర్లకు మరొకటి. రెండింటికీ వేర్వేరు బోల్టులు. గేర్ ఆయిల్ వంద మిల్లీలీటర్ల పైచిలుకు మాత్రమే ఉంటుంది. తెలియక దాన్ని దించేసి, ఇంజిన్‌లో కొత్త డబ్బా పోస్తే గేర్లు ఎండిపోతాయి, ఇంజిన్‌లో రెండింతలు నిండుతుంది. కాలేజీకి, బడికి, ఆఫీసుకు స్కూటర్ మీద వెళ్లే అమ్మాయిలు, టీచర్లు ఎందరో ఇప్పుడు సొంతంగా చిన్న పనులు చేసుకుంటున్నారు. వాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇదే.

అమెరికాలో సొంత గ్యారేజీల్లో కారు ఆయిల్ మార్చుకునే తెలుగువాళ్లకూ ఇదే తరహా చిక్కు ఉంది. కొన్ని సుబారు కార్లలో ఇంజిన్ ఆయిల్ బోల్టు అనుకుని గేర్ బాక్సు బోల్టు విప్పేయడం అక్కడ బాగా పేరుమోసిన పొరపాటు. ఇంకోటి ఫిల్టర్‌ది. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కు అతుక్కుని ఉండిపోతే గమనించకుండా దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తారు. రెండు రింగుల మధ్య నుంచి ఒత్తిడికి ఆయిల్ చిమ్ముకొస్తుంది. ఈ రెండు తప్పుల్నీ రోడ్డెక్కకముందే పట్టిచ్చేది స్టార్ట్ చేసి కిందికి ఒకసారి చూడటం, ఆపి గేజ్ ఒకసారి తీయడం.

బోల్టు బిగించడంలోనూ బలప్రదర్శన వద్దు. ఇంజిన్ కేసు అల్యూమినియంది, బోల్టు ఉక్కుది. పానా మీద ఊగితే తెగేది మెత్తటి అల్యూమినియం మరే. వాషరు మార్చి, పుస్తకంలో చెప్పినంత బిగువు చాలు. కారు కిందికి దూరేవాళ్లు జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. గట్టి స్టాండ్లు పెట్టకుండా కారు కింద తల పెట్టవద్దు. ఆయిల్ వెచ్చగా ఉండగా దించాలే తప్ప, సలసలా కాగుతున్నప్పుడు కాదు.

> డబ్బా కొనేటప్పుడు
>
> • పుస్తకంలో చెప్పిన గ్రేడే కొనండి. 10డబ్ల్యూ-30 చెప్పిన బండికి 20డబ్ల్యూ-50 పోస్తే 'చిక్కగా ఉంది, మంచిదే' అనుకోవద్దు.
>
> • గేర్ల బైకుకు డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. గేర్లు లేని స్కూటర్లకు ఎంబీ రకం వస్తుంది. కారు ఆయిల్ బైకులో పోస్తే క్లచ్ జారే ముప్పుంది.
>
> • సీలు పగలని డబ్బా, నమ్మకమైన షాపు, బిల్లు తప్పనిసరి. దించిన ఆయిల్‌ను షెడ్డులో అప్పగించాక ఖాళీ డబ్బాకు చిల్లు పెట్టి పారేయండి. నకిలీ ఆయిల్ నింపి అమ్మేవాళ్ల చేతికి అది చిక్కకూడదు.

పోయకుండానే మట్టం పెరిగితే

మార్చిన రోజు సరిగ్గా చూసుకున్నాం కదా అని ఆగిపోకూడదు. వారం తర్వాత ఒకసారి, ఆపైన అప్పుడప్పుడూ చూస్తుండాలి. తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా కాలిపోతోంది. పెరిగితే మాత్రం మరింత జాగ్రత్తపడాలి. ఎవరూ పోయకుండా ఆయిల్ పెరగదు. అందులో మరేదో కలుస్తోందన్నమాట.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే భాగం ఉంటుంది. పేరుకున్న మసిని కాల్చేయడానికి ఇంజిన్ అప్పుడప్పుడూ అదనంగా డీజిల్ చల్లుతుంది. ఊళ్లోనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేస్తుంటే ఆ పని మధ్యలో ఆగిపోతుంది. కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పల్చబడుతుంది, మట్టం పెరుగుతుంది. పెట్రోల్ ఇంజిన్లకూ ఇది రావచ్చు. 2018లో చైనాలో చలి ప్రాంతాల్లో హోండా సీఆర్-వీ టర్బో కార్ల ఆయిల్‌లో పెట్రోల్ కలిసి మట్టం పెరుగుతోందని గొడవ లేచి, కంపెనీ వాటిని వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. ముందుగా దాన్ని గమనించింది గేజ్ తీసి చూసుకున్న మామూలు కారు యజమానులే.

గేజ్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో కనిపిస్తే నీళ్లు కలిశాయని అర్థం. హెడ్ గాస్కెట్ పోయి రేడియేటర్ నీళ్లు లోపలికి రావడం ఒక కారణం. వానాకాలంలో వరద నీళ్లలో దిగిన బండి మరో కారణం. గేజ్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోల్ వాసన కొడుతున్నా అనుమానించాల్సిందే. ఇలాంటప్పుడు స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవండి.

బేసిన్‌లోని నల్ల ఆయిల్ ఎక్కడికి?

ఇంటి దగ్గర ఆయిల్ మార్చినప్పుడు మిగిలే ఇంకో బాధ్యత ఇది. షెడ్డులో అయితే మెకానిక్ డ్రమ్ములో పోసి అమ్ముకుంటాడు. ఇంట్లో అయితే అది గేటు ముందు కాలువలో పడుతోంది. లేదంటే చెదలు పట్టకుండా గుమ్మాలకు, పశువుల పాక గుంజలకు పూస్తున్నారు. స్లాబు పోసేచోట సెంట్రింగ్ పలకలకు రాస్తున్నారు. ఒక్క ఆయిల్ మార్పులో దించినది పది లక్షల గ్యాలన్ల మంచినీటిని, అంటే సుమారు 38 లక్షల లీటర్లను పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. మన గల్లీ కాలువ నాలాలో కలుస్తుంది. ఆ నాలా మూసీలోనో, కృష్ణలోనో, ఊరి చెరువులోనో కలుస్తుంది. వాడేసిన ఆయిల్‌లో ఇంజిన్ లోహపు పొడి, కాలిన మసి, హానికర రసాయనాలు ఉంటాయి. పదేపదే చర్మానికి తగిలితే చర్మ క్యాన్సర్ ముప్పు ఉంటుందని ఆయిల్ కంపెనీలే హెచ్చరిస్తాయి. చేతికి తొడుగులు వేసుకోవాల్సింది అందుకే.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని రీసైక్లింగ్ బాధ్యతను ఆయిల్ తయారుచేసే, దిగుమతి చేసుకునే కంపెనీల మీద పెట్టారు. ఏటా పెరుగుతూ పోయే లక్ష్యాలు నిర్ణయించారు. శుద్ధి చేస్తే ఈ నల్ల ఆయిల్ నుంచి మళ్లీ పనికొచ్చే బేస్ ఆయిల్ తీయొచ్చు. అమెరికాలో ఆటో విడిభాగాల దుకాణాల్లోకి పాత ఆయిల్ తీసుకెళ్లి ఇస్తే చాలాచోట్ల ఉచితంగానే తీసుకుంటారు. అక్కడ ఉంటున్న మనవాళ్లకు అది మామూలు అలవాటైపోయింది. ఇక్కడ మామూలు వాహనదారుడు తన లీటరు ఆయిల్‌ను ఎక్కడ ఇవ్వాలో చెప్పే బోర్డు కనిపించదు. పెట్రోల్ బంకుల్లో, ఆయిల్ అమ్మే షాపుల్లో, మున్సిపాలిటీ చెత్త కేంద్రాల్లో సేకరణ డ్రమ్ము పెట్టడం కష్టమైన పని కాదు. అది వచ్చేదాకా ఖాళీ డబ్బాలోనే తిరిగి పోసి, మూత బిగించి, పాత ఆయిల్ సేకరించే మెకానిక్ షెడ్డులో అప్పగించడమే మనం చేయగలిగిన పని. అలా ఇచ్చేటప్పుడు దించిన ఆయిల్ ఎంతుందో కూడా చూడండి. డబ్బాలో సగమే నిండితే మీ ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అదే సాక్ష్యం.

ఒక పుస్తకం, ఒక చీటీ, ఒక గుడ్డ

ఇంట్లో పని చేసుకునేవాళ్లకు ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. బండితో ఇచ్చిన పుస్తకం పోగొట్టుకుని ఉంటే కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించుకోండి. సీటు కింద ఒక చీటీ ఉంచి ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు, పోసిన పరిమాణం, గ్రేడు రాయండి. ఒక శుభ్రమైన గుడ్డ దానితో పాటే పెట్టండి. పిల్లలకు బండి తాళం చేతికిచ్చేముందు గేజ్ తీసి మట్టం చూడటం నేర్పండి. కొడుక్కే కాదు, కూతురికీ నేర్పండి.

బండి కొనడానికి కట్టే వాయిదాలు ఏళ్ల తరబడి సాగుతాయి. ఆ బండి మీదే ఇల్లు గడిచే కుటుంబాలు మన ఊళ్లలో లక్షల్లో ఉన్నాయి. వాటి ఇంజిన్లను కాపాడే పనికి డబ్బు ఖర్చు లేదు, చదువు అక్కర్లేదు, ఐదు నిమిషాలు చాలు. ఆయిల్ ఎవరు మార్చినా సరే, మీరైనా షెడ్డులోనైనా, బండి కదిలించేముందు మీ కళ్లతో మీరు గేజ్ చూడండి. రెండు గీతల మధ్య ఆయిల్ కనిపించాకే రోడ్డెక్కండి.